గురిసాధనమును ఎన్నుకొనుట

అమెరికా అడవులలో వసంతకాలమున, ఆడుపక్షి కూతను అనుకరించి మగ టర్కీకోడిని చేరువకు రప్పించి, దాని తలను, మెడను మాత్రమే లక్ష్యముగా కొట్టు వేటలో, తుపాకికి ఏ గురిసాధనమును అమర్చవలెనన్న ప్రశ్న అల్పముగా తోచినను, ఒక ప్రాణి బాధలేని మరణము దానిపై ఆధారపడియున్నది. గొట్టపు కొనకు బిగువైన చోకు అమర్చినపుడు గుండ్లు దట్టముగా గుమిగూడి పోవును గనుక, సమీపమున స్వల్పమైన గురిదోషము కూడ పక్షిని తప్పించును, లేదా గాయపరచి విడుచును. కొనయందలి పూస ఒక్కటియే ఆధారమైనపుడు, చెంపను మడమకొయ్యకు ఆనింపక తల ఎత్తినచో గుండ్లు లక్ష్యమునకు పైగా పోవును; స్కోపు ఆ దోషమును చాలవరకు తొలగించునుగాని, దాని దృష్టిక్షేత్రము ఇరుకు, పైగా తుపాకి వెనుకకు తన్నునపుడు కనుబొమ్మకు దెబ్బ తగులకుండ కంటికి తగినంత దూరముండవలెను. రెండు కన్నులు తెరచియే చూడదగిన, దృశ్యమును పెద్దది చేయక, అద్దములో వెలుగు చుక్కను చూపు రెడ్‌డాటే నా మతమున ఉత్తమము. దాని బ్యాటరీని మాత్రము ముందే పరీక్షింపవలెను. సాధనమేదైనను, కాగితపు లక్ష్యముపై కాల్చి, ఆ తుపాకి ఆ తూటాతో ఎంతదూరము నమ్మదగినదో తేల్చుకొనక అడవికి పోరాదు. చాలమందికి 40 గజములే హద్దు. ఇక పొదలలో మెదలు ఎరుపు పక్షి తలయో, తోటి వేటగాని వస్త్రమో నిశ్చయించుకొనకముందే తుపాకి ఎత్తుట, ఎంత వెలగల సాధనము చేతనున్నను, క్షమింపరాని నేరము.