ఖాడీ మీద కన్ను: ఘోడ్‌బందర్ బురుజు

ఉల్హాస్ నది వసయీ ఖాడీగా విస్తరించి అరేబియా సముద్రంలో కలిసే దారిలో, దక్షిణపు ఒడ్డున చిన్న గుట్ట మీద ఘోడ్‌బందర్ కోట ఉంది. దాని గుండ్రటి బురుజును నల్లరాయి, సున్నంతో కట్టారు. ఎగువన భివండీ, కల్యాణ్ రేవులు. దిగువన వసయీ కోట, ఆపైన సముద్రం. ఈ దారిన వెళ్లే ప్రతి పడవా బురుజు చూపు కిందినుంచే పోవాలి. ఖాడీలో తెరచాప ఒక్కటే చాలదు. పోటు మీద లోపలికి, ఆటు మీద బయటికి. నీరు తిరిగేదాకా లంగరు వేసుకుని ఆగాల్సిందే. అలా ఆగిన పడవలను లెక్కపెట్టడం పైనున్న కావలివాడికి ఏపాటి పని!

వసయీ 1534లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా నుంచి పోర్చుగీసువారికి దక్కింది. ఘోడ్‌బందర్ కోట పని ఆ శతాబ్దం మధ్యలో మొదలై 1730 దాకా విడతలుగా సాగింది. సముద్రంలో వ్యాపారం చేసే ఓడకు పోర్చుగీసు పరవానా, అంటే కర్తాజ్, ఉండాలి. వసయీలో ఓడలు కట్టడానికి సహ్యాద్రి టేకు కావాలి. కాబట్టి ఈ బురుజు శత్రువులకంటే సరుకునే ఎక్కువ కనిపెట్టిందనుకోవాలి.

1657లో శివాజీ కల్యాణ్, భివండీలను తీసుకుని అక్కడి రేవుల్లోనే ఓడలు కట్టించడం మొదలుపెట్టాడు. కట్టడం ఒక ఎత్తు, సముద్రం చేర్చడం ఇంకో ఎత్తు. ఖాడీ మూతి పరాయి చేతుల్లో ఉంది. ఆ ఓడల నిర్మాణంలో ఉన్న పోర్చుగీసు నిపుణుడు రుయ్ లెయితావ్ వియెగస్‌ను వసయీ అధికారి నచ్చజెప్పి మానిపించాడు కూడా.

బురుజుకు అసలు పరీక్ష 1737లో వచ్చింది. ఆ ఏడాదే ఠాణే, ఘోడ్‌బందర్ మరాఠాల వశమయ్యాయి. మరాఠా సేనాని చిమాజీ అప్పా సేన వసయీ బురుజుల కింద మందుపాతరలు పేల్చి, 1739 మేలో ఆ కోటనూ తీసుకుంది. నీటివైపు చూసేందుకు కట్టిన కాపలా, నేలవైపు నుంచి వచ్చిన దెబ్బకు అక్కరకు రాలేదు. 1774లో బ్రిటిషువారు ఠాణేను పట్టుకున్నారు. 1853లో ఠాణేకి, మరుసటి ఏడాది కల్యాణ్‌కు రైలు వచ్చాక సరుకు నీటిదారి విడిచి పట్టాలెక్కింది. భివండీ రేవు వెనకబడింది.

ఇప్పుడు కోట మీరా-భాయందర్ నగరపాలక పరిధిలో ఉంది. భివండీ పద్మానగర్‌లోని తెలుగు కుటుంబాలు ఏదో ఆదివారం పిల్లలను తీసుకెళ్తే, మరమగ్గాలు రాకముందు తమ ఊరికి సరుకు ఏ దారిన వచ్చేదో పైనుంచి చూపించవచ్చు. పోటు వేళ చూసుకుని వెళ్లడం మంచిది.