ఓడితే ఎవరి బిడ్డ?

2022 మే 19. నిజామాబాద్‌లో ఒక దవాఖాన వరండా. లోపల వార్డులో మా అబ్బా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అది ఆరో రాత్రి. బయట మేం, పేషెంట్ల తాలూకు మనుషులం, చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఎవరో సెల్‌ఫోన్ చూస్తూ ఒక్కసారి కేకేశాడు. నిఖత్ జరీన్ గెలిచిందని. ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిందని.

వరండా అంతా లేచి నిలబడింది. రోగాలు మర్చిపోయాం. ఎవరో లడ్డూలు తెచ్చారు. చీటీలు రాసే కౌంటరు మనిషి కూడా బయటికొచ్చి నా చేతిలో ఒక లడ్డు పెట్టి "మీవాళ్ల అమ్మాయి మన ఊరి పేరు నిలబెట్టింది భాయ్" అన్నాడు.

ఆయన సంతోషం అబద్ధం కాదు. కానీ ఆ మాటను ఇంకోసారి చదవండి. అమ్మాయి "మీవాళ్ల" అమ్మాయి. ఊరు "మన" ఊరు.

అదే మనిషి ఆరు రోజుల ముందు అబ్బా పేరు రాసుకుంటూ "ఏ ఊరు?" అనడిగాడు. రుద్రూర్ అన్నాను. "అంతకు ముందు?" అన్నాడు. అంతకు ముందూ రుద్రూరే అన్నాను. నమ్మనట్టు నవ్వాడు. నా వెనక నిలబడ్డాయన వర్ని నుంచి వచ్చాడు. ఆయన్ని "అంతకు ముందు?" అని అడగలేదు.

మా దాదా చెరకు బండి తోలినవాడు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్ గేటు ముందు, బండ్ల వరుసలో, ఎద్దుల పక్కన గడ్డి పరుచుకుని ఎన్నో చలికాలాలు పడుకున్నవాడు. మా అబ్బా దర్జీ. రుద్రూర్‌లో బడిపిల్లల నిక్కర్లు, బతుకమ్మకు ఆడపిల్లల జాకెట్లు, పెళ్లికొడుకుల కోట్లు ఆ మిషన్ మీదే కుట్టాడు. ఊరి ఒంటి కొలతలు ఆయనకు నోటికొచ్చు. అలాంటి మనిషి మంచం మీద పడి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఆయనకు ముందున్న ఊరేదో మేం చెప్పాలట!

లడ్డు తీసుకుని లోపలికి వెళ్లాను. అబ్బా ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆటంటే ప్రాణం. గెలిచిందని చెబితే కళ్లు తడిచేశాడు. ఆక్సిజన్ మాస్క్ కొంచెం పక్కకు జరిపి రెండే రెండు మాటలడిగాడు. "హార్ జాతీ తో?" ఓడిపోయుంటే?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఒక్క ఏడాది లెక్క చూడండి. 2022 మార్చి 20న మా బోధన్‌లో విగ్రహం గొడవ. రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి, 144వ సెక్షన్ పెట్టారు. రెండు వాడల మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. రెండు నెలలు తిరక్కముందే అదే జిల్లాలో నిఖత్ ఫ్లెక్సీలు. ఇంకా రెండేళ్లు వెనక్కి పోదాం. 2020 ఏప్రిల్‌లో, ఢిల్లీ మర్కజ్ వార్తల తర్వాత, టోపీ కనబడితే మనుషులు పక్కకు తప్పుకున్నారు. కూరగాయల బండివాణ్ని పేరడిగి పంపేశారు. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని తేల్చింది. ఆ తీర్పుకు ఎవరూ లడ్డూలు పంచలేదు.

2020లో మేం రోగం. 2022లో మేం పతకం. ఈ రెంటికీ మధ్య మామూలు మనుషులుగా బతికే రోజులు మాకు ఎన్నిస్తారు?

మిత్రులారా, ఇది ఒక్క నిఖత్ సంగతి కాదు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సానియా మీర్జాను బ్రాండ్ అంబాసిడర్ చేయగానే ఒక నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. అప్పటిదాకా హైదరాబాద్ బిడ్డే! 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో పదకొండు మందీ ఓడిపోతే తిట్లు ఎక్కువగా ఎవరి మీద పడ్డాయి? మహమ్మద్ షమీ మీద. ఓటమిలో కూడా మాకు వేరే వాటా.

సిరాజ్‌ను తలుచుకుంటే దవాఖాన రాత్రులు ఇంకా బరువెక్కుతాయి. 2020 నవంబర్‌లో, హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకుని క్రికెటర్‌ను చేసిన తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. మట్టి వేయడానికి కూడా రాలేదు, జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వినిపిస్తుంటే ఏడ్చాడు. నాన్న గుర్తొచ్చాడని తనే చెప్పాడు. ఆ కన్నీళ్ల ఫొటో దేశమంతా తిరిగింది. చాలామంది దాన్ని ముస్లిం దేశభక్తికి రుజువుగా పంచారు. మా మేలు కోరే పంచారు, కాదనను. కానీ తండ్రి కోసం కొడుకు ఏడ్చిన ఏడుపు కూడా మా దగ్గర సర్టిఫికెట్ కావాల్సిందేనా? ఉత్త ఏడుపుగా ఉండకూడదా?

నిఖత్ గెలిచి వచ్చాక కూడా ఆమెను మతం సంగతి అడక్కుండా వదల్లేదు. తాను ఒక మతం తరఫున ఆడటం లేదు, దేశం తరఫున ఆడుతున్నానని ఆ అమ్మాయి జవాబు చెప్పింది. మంచి జవాబే. నా పేచీ జవాబుతో కాదు, ప్రశ్నతో. మిగతా ఛాంపియన్లను నువ్వెవరి తరఫున ఆడుతున్నావని ఎవరైనా అడుగుతారా?

ఇప్పుడు మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎదుటివాణ్ని నిలదీసి మనల్ని మనం వదిలేస్తే అది న్యాయం కాదు. కలెక్టర్ గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్ల 2009లో బాక్సింగ్ మొదలుపెడితే, నిక్కరేసుకుని మగపిల్లలతో ఆడుతుందేమిటని గుసగుసలు పోయింది ఎవరు? మనమే. అయినవాళ్లే. తండ్రి జమీల్ అహ్మద్ తానూ ఆటగాడు కాబట్టి చెవిన పెట్టలేదు. కోచ్ శంసాముద్దీన్ నేర్పాడు. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా 2018, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. 2011లో టర్కీలోనే నిఖత్ జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజం దెబ్బతిని నెలల తరబడి ఆటకు దూరమైంది. ఆ నెలల్లో ఎందరం వాళ్ల గడప తొక్కాం? 2022లో మాత్రం ఆ నిక్కరు ఫొటోనే ఫ్లెక్సీ చేసి, పక్కన మన ఫొటోలు పెట్టుకుని చౌరస్తాల్లో కట్టాం. మనమూ పతకానికే సలాం కొట్టాం. పిల్లకు కాదు.

ఇంకో మాట. ఈ జిల్లాలో ఎందరు ఆడపిల్లలు బడి మానేసి బీడీలు చుడుతున్నారో మీకు తెలియదా? మా వాడల్లోనూ, పద్మశాలీల వాడల్లోనూ. రోజంతా ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే ఆ చేతుల్లో ఎన్ని పిడికిళ్లు ఉన్నాయో ఎవరు చూశారు? నిఖత్‌కు ప్రభుత్వం రెండు కోట్లు, ఇంటి స్థలం ఇచ్చింది. 2024లో డీఎస్పీని చేసింది. ఇవ్వాల్సిందే, తక్కువే. కానీ ఒక్క పిల్లను భుజానికెత్తుకుని, మిగతా వాడకు వీపు చూపించడాన్ని గర్వమంటారా?

గర్వం అంటే ఏమిటో నాకు ఆ వార్డులోనే తెలిసింది. అబ్బా పక్క మంచం బోధన్ వైపు చెరకు రైతుది. ఆయన భార్య, అరవై దాటిన అవ్వ, రాత్రి రెండింటికి అబ్బాకు దగ్గు తెర వస్తే నాకంటే ముందు లేచేది. వీపు నిమిరేది. "పండుకో బిడ్డా, నేను చూస్తా మీ నాయినను" అనేది. ఆమె జొన్నరొట్టె మేం తిన్నాం. మా ఇంటి నుంచి వచ్చిన ఖిచిడీ ఆమె తిన్నది. తొమ్మిది రాత్రుల్లో ఒక్కసారైనా మా ఊరేదని అడగలేదు. నిఖత్ ఎవరో ఆమెకు తెలియదు. లడ్డు ఎందుకిచ్చారని నన్నే అడిగింది.

2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక తమ చెరకు గతి ఏమైందో ఆమె చెప్పింది. మా దాదా బండి గురించి నేను చెప్పాను. ఒకే గేటు ముందు కాపు కాసిన రెండు కుటుంబాలం. మమ్మల్ని కలపడానికి ఏ పతకమూ అవసరం కాలేదు.

అబ్బా ఆ మే నెలలో ఇంటికొచ్చాడు. 2023 మార్చిలో ఢిల్లీలో నిఖత్ రెండోసారి ప్రపంచ ఛాంపియన్ కావడం టీవీలో చూశాడు. ఆ వానాకాలంలో పోయాడు. 2024 ఆగస్టు 1 చూడలేదు. ఆ రోజు పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో నిఖత్ ఓడిపోయింది. చివరికి స్వర్ణం గెలిచింది ఆ వూ యూనే. ఆ సాయంత్రం రుద్రూర్ చాయ్ హోటల్‌లో ఒకాయన నా వైపు తిరిగి "మీ పిల్ల ఓడిపోయిందిగా" అన్నాడు. అప్పుడు "మన" అనే మాట ఎక్కడికి పోయింది?

అబ్బా, నీ ప్రశ్నకు జవాబు నాకు ఆ హోటల్‌లో దొరికింది. అది నాకు ఒప్పుదల కాదు. మేం ఈ మట్టివాళ్లం కావడం ఎవరో మెడలో వేసే పతకం కాదు, ఓడితే తీసేసుకోవడానికి. గెలిచిన రాత్రి లడ్డు పెట్టినవాళ్లకు షుక్రియా. ఓడిన రోజు కూడా అదే నోటితో "మన బిడ్డ" అనండి. కౌంటరు దగ్గర పేరు చెప్పగానే ఊరు నమ్మండి. అప్పుడు మీ లడ్డు మాకు తియ్యగా ఉంటుంది.