పేపర్ల లెక్క కాదు... లెక్క తేలిన పేపరు

న్యూట్రిషన్, బయోటెక్నాలజీ, ఫార్మసీ... ఏ కోర్సులో ఉన్నా ఫైనలియర్‌కి వచ్చేసరికి మీ చెవిన పడే మాట ఒకటుంది. 'రెజ్యూమేలో ఒక పబ్లికేషన్ ఉంటే బాగుంటుంది' అని. అది లేదని దిగులుపడేవాళ్లు కొందరు. నాలుగు డబ్బులు కట్టి ఏదో ఒక జర్నల్లో పేరు వేయించుకుంటే పోలా అనుకునేవాళ్లు ఇంకొందరు. మీరు ఆ రెండో దారిలో ఉంటే, ఆహారం, ఊబకాయం మీద పనిచేసిన ఒక పెద్ద పరిశోధకుడి కథ ముందు తెలుసుకోండి.

ఒకరి పేపరును మరొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. మీ పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లు వస్తే మీ హెచ్-ఇండెక్స్ 10. భౌతికశాస్త్రవేత్త హోర్హె హిర్ష్ 2005లో చెప్పిన కొలత ఇది. ఈ అంకెల్లో బ్రయాన్ వాన్సింక్ మహా ఘనుడు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్. వందల పేపర్లు, వేల సైటేషన్లు. అడుగు నుంచి తెలియకుండా నిండుతూ ఉండే గిన్నెలో సూప్ పోస్తే జనం 73 శాతం ఎక్కువ తాగారన్న ఆయన 2005 నాటి పేపరు ప్రపంచమంతా తిరిగింది. అమెరికా వ్యవసాయ శాఖలో పోషకాహార విధానాన్ని చూసే కేంద్రానికి కూడా ఆయన కొంతకాలం నాయకత్వం వహించారు.

2016 చివర్లో ఆయనే ఒక సంగతి గొప్పగా రాసుకున్నారు. ఒక రెస్టారెంట్ బఫేలో సేకరించిన డేటాలో అనుకున్న ఫలితం రాలేదట. అయినా ఒక విద్యార్థినికి ఆ డేటా ఇచ్చి, ఇందులోంచి ఏదైనా తవ్వి తీయమన్నారట. ఆమె తవ్వింది, పేపర్లు వచ్చాయి. చదివినవాళ్లకు అక్కడే అనుమానం వచ్చింది. ప్రశ్న ముందుండాలి, జవాబు తర్వాత రావాలి. జవాబు దొరికాక దానికి తగ్గ ప్రశ్న తగిలిస్తే అది పరిశోధన ఎలా అవుతుంది?

ముగ్గురు పరిశోధకులు ఆ పేపర్లను ముందేసుకుని కూర్చున్నారు. వారిలో పీహెచ్‌డీ విద్యార్థులూ ఉన్నారు. చేసింది పెద్ద విద్యేమీ కాదు, కూడికలూ భాగహారాలే. పదిమంది పూర్ణాంకాల్లో మార్కులు వేస్తే సగటు 3.4 రావచ్చు, 3.5 రావచ్చు. 3.45 మాత్రం రాదు. అలాంటి పొసగని అంకెలు నాలుగు పేపర్లలోనే 150 దాకా బయటపడ్డాయి. 2018 సెప్టెంబరులో జామా కుటుంబానికి చెందిన వైద్య జర్నళ్లు ఒకేసారి ఆయన పేపర్లు ఆరింటిని ఉపసంహరించాయి. డేటాను తప్పుగా చూపారని, భద్రపరచలేదని కార్నెల్ తేల్చింది. ఆయన ఉద్యోగం వదులుకున్నారు. మరి అన్ని వేల సైటేషన్లు? ఒక్కటీ అడ్డుపడలేదు. ఎంతమంది మీ పేరు చెప్పుకున్నారో సైటేషన్ చెబుతుంది. మీరు చెప్పింది నిజమో కాదో చెప్పదు.

ఇదే రంగంలో కెవిన్ హాల్‌ను చూడండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసేటప్పుడు ఆయన బృందం 2019లో ఒక పేపరు వేసింది. పాల్గొన్నది 20 మందే. కానీ వాళ్లను నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు సాదా తిండి పెట్టి, తిన్న ప్రతిదీ కొలిచారు. వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానమే. అయినా ప్రాసెస్ చేసిన తిండి తిన్నప్పుడు రోజుకు 500 క్యాలరీల దాకా ఎక్కువ తిన్నారు. ఈ పేపరుకూ సైటేషన్లు దండిగా వచ్చాయి. అయితే ఇక్కడ ముందు కొలత, తర్వాతే పేరు.

మీ విషయానికి వద్దాం. డబ్బు తీసుకుని సరైన సమీక్ష లేకుండా పేపర్లు అచ్చేసే వ్యాపారం మనకు దూరమేం కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. థీసిస్ ఇచ్చేముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ కూడా 2022లో పీహెచ్‌డీ నియమాల నుంచి తీసేసింది. పీహెచ్‌డీకే అక్కర్లేనిది డిగ్రీలో మీకెందుకంత తొందర?

ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి. మీ ప్రాజెక్టు చిన్నదైనా ఫరవాలేదు. మొదలుపెట్టకముందే ప్రశ్నను తేదీ వేసి రాసుకోండి. అసలు డేటాను మార్చకుండా దాచండి. అనుకున్నది రాకపోతే రాలేదనే రాయండి. ఇంటర్వ్యూలో 'ఎన్ని పేపర్లు?' అన్న ప్రశ్న ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది 'ఇందులో మీరేం చేశారు? ఈ అంకె ఎలా వచ్చింది?' అనే. కొనుక్కున్న పేపరు అక్కడ నోరు విప్పదు. మీరు చేసిన పనైతే మీకు తడుముకోవాల్సిన అవసరమే రాదు.