అమ్మానాన్నల అమెరికా దారి
కూతురి పురుడు పొయ్యడానికి హైదరాబాద్ నుంచి డాలస్ బయలుదేరే పెద్దవాళ్లను చూస్తే నాకు దిగులే. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి, అక్కణ్నుంచి మరో 16 గంటలదాకా కూర్చునే ఉండాలి. కాళ్లు వాస్తాయి, షుగర్ మాత్రల వేళలు తారుమారవుతాయి. దిగాక ఇమిగ్రేషన్ వరుస, అర్థంకాని యాసలో ప్రశ్నలు. పచ్చళ్లతో పెట్టె 23 కిలోలు దాటకుండా పదిసార్లు తూకం వేసే ఇంటిల్లిపాదీ ఈ బడలికను ఎందుకు లెక్కలోకి తీసుకోరు? అమెరికా విమానాల్లో వీల్‌చైర్ సాయానికి డబ్బు తీసుకోకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. అడగడం నామోషీ కాదు. చవగ్గా వస్తోందని మధ్యలో గంటన్నర మాత్రమే విరామమున్న టికెట్ వాళ్లకు కొనకండి. మందులు, చీటీతో సహా, చేతిసంచీలోనే పెట్టండి.