టీడీఎస్ మీటర్ ఓకే అంటే బోరు నీళ్లు సేఫేనా?

టీడీఎస్ మీటర్‌ను వాటర్ టెస్టర్ అని అమ్ముతున్నారు. నా లెక్కలో అది సగం నిజమే. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, దాన్ని పీపీఎంలోకి మార్చి చూపిస్తుంది, అంతే. ఏ లవణం ఎంతుందో దానికి తెలీదు.

ప్రొద్దుటూరులో మా బోరుకు నా మీటర్ 640 చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ 1 ఉందా, 3 ఉందా? బీఐఎస్ ప్రకారం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. యురేనియం అయితే 0.03. దశాంశాలే లేని స్క్రీన్ మీద 0.03 ఎలా కనబడుతుంది? పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు టైలింగ్ పాండ్ వల్ల బోర్లు పాడయ్యాయని రైతులు అంటున్నారు, యూసీఐఎల్ కాదంటోంది. ఆ గొడవ ఈ పెన్నుతో తేలేది కాదు.

మీటర్ పారేయమనట్లేదు. ఆర్ఓ మెంబ్రేన్ పనిచేస్తోందా లేదా చూడ్డానికి బెస్ట్. కానీ జమ్మలమడుగైనా, పులివెందులైనా, బోరు నీళ్లే తాగేవాళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఫ్లోరైడ్, నైట్రేట్ టెస్ట్ చేయించండి. తుమ్మలపల్లె చుట్టుపక్కలవాళ్లు యురేనియం టెస్ట్ ఎక్కడ చేస్తారో కూడా అక్కడే అడగండి. కాచి తాగితే చాలనుకోవద్దు, మరిగిస్తే ఇవి పోవు.