మట్టి మారలేదు: షాటో మార్గో పునరుత్థానం

ఫ్రెంచి వైన్‌పై వెలువడే పుస్తకాలు చాలావరకు మట్టికి హారతి పట్టడంతోనే మొదలవుతాయి. గులకరాతి నేల, ఏటి గాలి, తాతల నాటి తీగలు ఉంటే చాలు, తక్కినది ప్రకృతే చూసుకుంటుందన్న ధోరణి వాటిది. ఆ భక్తి మెండుగా గలవారు బోర్డోకు ఉత్తరాన, మెదోక్ ప్రాంతంలో ఉన్న షాటో మార్గో చరిత్రను ఒకసారి నిదానంగా చదవాలి.

1787లో బోర్డోకు వచ్చిన థామస్ జెఫర్సన్ మేలైనవిగా పేర్కొన్న నాలుగు తోటల్లో ఇది ఒకటి. 1855 నాటి వర్గీకరణలోనూ దీనిది మొదటి శ్రేణే. అయితే 1970ల తొలినాళ్లలో ఆ పేరుతో వచ్చిన వైన్ ఆ శ్రేణికి తగినది కాదు. యజమానులైన జినెస్తే కుటుంబానికి వైన్ వర్తకం కూడా ఉండేది. 1973-74లో ధరలు కుప్పకూలినప్పుడు ఆ వర్తకం దెబ్బతిని, తోటను అమ్ముకోక తప్పలేదు. అమెరికాకు చెందిన నేషనల్ డిస్టిల్లర్స్ కొనబోతే ఫ్రెంచి ప్రభుత్వం అడ్డుపడింది. జాతి సంపద పరాయి చేతుల్లోకి పోరాదట! చివరకు 1977లో దానిని కొన్నవాడు ఆంద్రే మెంత్సెలోపులోస్. గ్రీసులో పుట్టి, కరాచీ కేంద్రంగా ధాన్యం వర్తకంలో గడించి, ఫ్రాన్సులో ఫెలిక్స్ పోతాఁ కిరాణా దుకాణాలకు యజమాని అయినవాడు. వైన్ కులీనుల దృష్టిలో ఒక పచారీ కొట్టు ఆసామి.

ఆయన నీరు నిలవకుండా కాలువలు తవ్వించాడు, తీగలు తిరిగి నాటించాడు, శిథిలమవుతున్న భవనాన్ని బాగు చేయించాడు. వీటన్నిటికన్నా మేలైన పని ఎమీల్ పేనోను సలహాదారుగా పిలవడం. పేనో శాస్త్రజ్ఞుడు. ఆయనకు సహచరుడైన జాఁ రిబెరో-గయోఁ, పాశ్చర్ వద్ద పనిచేసిన యులీస్ గయోఁకు మనుమడు. అంటే సూక్ష్మజీవిని మొదట గుర్తెరిగి, ఆ తరువాతనే రుచిని గురించి మాట్లాడే సంప్రదాయం అది. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ‘లె గూ దు వాఁ’ రుచి చూడడమనే విద్యకు నేటికీ ప్రామాణిక గ్రంథం. బాగా పండిన ద్రాక్ష, శుభ్రమైన పీపాలు, నిర్దాక్షిణ్యమైన ఎంపిక: ఆయన పట్టుబట్టినవి ఇవే. తగని రసం ప్రధాన వైన్‌లో కలవదు. అది ‘పావియోఁ రూజ్’ అనే రెండో వైన్‌గా వేరే పేరుతో వెలువడుతుంది. పెద్ద పేరు చాటున నాసిరకాన్ని దాచకపోవడంలోనే ఈ పునరుత్థానపు ప్రాణమంతా ఉంది.

ఫలితానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1978 పంట వైన్‌ను విమర్శకులు మెచ్చుకున్నారు. కొత్తగా నాటిన తీగలు అప్పటికి కాపుకే రాలేదు. పాత తీగలే, పాత మట్టే. ఆ యేడు శరదృతువు చల్లగా చూసిందన్నది నిజమే. మరి 1979 వైన్ కూడా బాగున్నదే! మట్టి గొప్పదని ఒప్పుకోవలసిందే కానీ, అది తనంతట తానుగా ఎవరినీ కాపాడలేదు.

మార్గో స్వభావం బలప్రదర్శనకు దూరం. నాటిన తీగల్లో సుమారు మూడు వంతులు కాబెర్నే సోవిన్యోఁయే అయినా, ఆ వైన్‌లో ముందుగా పలకరించేది పరిమళమే. రుచి తరువాత మెల్లగా, పట్టులా విచ్చుకుంటుంది. 1983లో చేరి 2016లో మరణించేవరకు అక్కడే పనిచేసిన పోల్ పోంతాల్యే ఈ సౌకుమార్యాన్ని చెదరనివ్వలేదు. అయితే ఇంత నిగ్రహపు మూల్యం చెల్లించేది ఎవరు? నేడు ఆ సీసా సంపన్నుల నేలమాళిగల్లోకి, వేలంపాటల్లోకి చేరుతోంది. రుచి తెలిసిన చిన్న ఉద్యోగికి దక్కితే పావియోఁ రూజ్ దక్కాలి, అదీ పండుగనాడు. ఈ విషయంలో మాత్రం మార్గోను పొగిడే పుస్తకాలు మౌనం వహిస్తాయి.

మెంత్సెలోపులోస్ 1980 చివర్లో మరణించాడు. బాధ్యత కూతురు కొరీన్‌పై పడింది. మధ్యలో ఇటలీకి చెందిన అన్యెల్లీ కుటుంబం చేతికి వెళ్లిన వాటాను ఆమె 2003లో తిరిగి కొన్నది. తండ్రి నాటించిన తీగలు ముదిరి, ప్రధాన వైన్‌కు తగిన పండ్లు ఇవ్వడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. వాటి వైన్‌ను రుచి చూసింది కూతురే.