వేటయా? న్యాయమా?

నేరస్థుని శిక్షించుట వేరు, చంపుట వేరు. శిక్షించువాడు ముందు నిజము తేల్చును. చంపువాడు తేలవలసిన నిజమును గూడ పూడ్చివేయును. హైటెక్ సిటీ వంటి విద్యావంతుల సీమకు కాపలాయైన సైబరాబాదు పోలీసుశాఖ పరిధిలోనే ఈ భేదము మరవబడుట మిక్కిలి శోచనీయము.

2019 నవంబరు 27వ తేది రాత్రి శంషాబాదు టోల్‌గేటు చెంత నొక పశువైద్యురాలు అత్యాచారమునకును హత్యకును గురియయ్యెను. రాత్రివేళ పని ముగించుకొని యిల్లు చేరవలసిన ఆడబిడ్డలను గన్న ప్రతి తల్లియు తల్లడిల్లెను. ఆ కోపము ధర్మమైనదే. నిందితులు నలుగురు పట్టుబడిరి. విచారణకై మహబూబునగరమున ప్రత్యేక న్యాయస్థానమును నిర్ణయించిరి. అయినను డిసెంబరు 6వ తేది వేకువజామున చటాన్‌పల్లి వద్ద పోలీసులు ఆ నలుగురిని కాల్చిచంపిరి. వారు ఆయుధములు లాగుకొని తిరుగబడిరని చెప్పిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచుకొనిరి. మనుష్యుల చావు వేడుకయైనచోట న్యాయము వేటగా మారినదనక ఏమనవలెను?

సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్‌కర్ సంఘపు నివేదిక 2022 మే నెలలో వెల్లడియయ్యెను. పోలీసుల కథనము నమ్మదగినది కాదనియు, చంపు నుద్దేశముతోనే కాల్పులు జరిగెననియు, మృతులలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలెననియు ఆ సంఘము తేల్చెను. ఆ నలుగురిలో ఎవని పాపమెంతయో ఏ న్యాయస్థానమును ఇక తేల్చజాలదు. హతురాలికి సయితము దక్కవలసిన తీర్పు దక్కలేదు.

మరి లాభపడినదెవరు? ఆ రాత్రి ఫిర్యాదు నమోదులో జాప్యము చేసిరని ముగ్గురు పోలీసులు సస్పెండైరి. తుపాకులు పేలినపిమ్మట ఆ జాప్యమును గూర్చి యడిగినవారు అరుదు. పూలవాన క్రింద నిర్లక్ష్యము సుఖముగా దాగెను. ఎన్‌కౌంటరు జరిగినవెంటనే పదోన్నతులుగాని బహుమానములుగాని యీయరాదని సుప్రీంకోర్టు 2014లోనే శాసించినది. ప్రాణము తీయుటకు ప్రతిఫలము దొరకినచో అది వర్తకమగునని న్యాయవాదవృత్తిలోనున్న మేము వేరుగా చెప్పనేల? బిరుదులును జేజేలును గూడ ప్రతిఫలములే.

ఇట్లు చంపినగాని దుష్టులు భయపడరని కొందరందురు. 2008 డిసెంబరులో వరంగల్లు వద్ద యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు ఇట్లే కాల్పులలో చచ్చిరి. అప్పుడును ప్రశంసలు వెల్లువెత్తెను. ఆ భయము పదునొకండేండ్ల పిమ్మట శంషాబాదులో ఆ యువతిని కాపాడినదా?

1924లో అల్లూరి సీతారామరాజును విచారణ లేకయే కాల్చిచంపిన పరప్రభుత్వమును మనము నేటికిని నిందింతుము. ఆ వీరునితో ఈ నిందితులకు పోలికయా యని కోపింపవలదు. మనుష్యులకు పోలిక లేదు. అడుగువాడు లేని తుపాకికి మాత్రము పోలిక కలదు. నేడు దుష్టునిపై గురిపెట్టినదని మెచ్చుకొన్న తుపాకి రేపు ఎవనిని దుష్టుడనునో మనల నడిగి నిర్ణయించుకొనదు.

పాఠకమహాశయులారా! కోరదగినవి వేరే కలవు. మా హద్దు కాదనక తక్షణము ఫిర్యాదు వ్రాసికొను ఠాణా, చీకటి దారులలో దీపము, నెలలలో ముగియు విచారణ: వీనిని పట్టుబట్టి యడుగుడు. పూలు చల్లుట సులభము. లెక్క అడుగుట కష్టము. ఆడబిడ్డలను కాపాడునది ఆ కష్టమే.